వైరు పీకిన అర్జీల బల్ల

గిద్దలూరులో తహసీల్దారు ఆఫీసుకు పోయే సందులో, జిరాక్సు దుకాణం పక్కన, రేకుల పంచ కింద కృష్ణకుమారి బల్ల ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె అక్కడే కూర్చుని అర్జీలు రాస్తోంది. పాసుపుస్తకంలో పేరు తప్పు పడినవాడూ, పింఛను ఆగిన ముసలమ్మా, గట్టు జరిపాడని తమ్ముడి మీద పళ్ళు నూరే అన్నా, అందరూ ముందుగా ఆమె ఎదుటి స్టూలు మీద కూర్చోవలసిందే. ఆమె చదివింది ఇంటరు. అందులోనూ ఒక సబ్జెక్టు పోయింది. అయినా పెద్ద చదువులవాళ్ళు "అయ్యా" అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఏం రాయాలో తోచక పెన్ను కొరుకుతుంటే, ఆమె నాలుగు ముక్కల్లో వాళ్ళ ఏడుపంతా కాగితం మీద పెట్టేసేది.

ఆ బల్లకొక కట్టుబాటు ఉంది. తగాదాలో రెండు పక్షాలవాళ్ళూ ఆమె దగ్గరికే వస్తారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. ఒకరు రాయించుకుంటుంటే రెండోవారు టీ కొట్టు దగ్గర నిలబడి ఆకాశం చూస్తుంటారు. కోర్టు వకీళ్ళు వింటే నవ్వుతారు గానీ ఇక్కడ అదే మర్యాద. అర్జీ రాసే మనిషికి నిజం చెప్పాలి. చెబితేనే ఆ నిజాన్ని ఎక్కడ దాచాలో ఆమెకు తెలుస్తుంది. మంత్రసాని దగ్గరా, అర్జీ రాసేవాళ్ళ దగ్గరా సిగ్గుపడితే పని జరగదు. రాసింది పైకి చదివి వినిపించాలి, విన్నాకే వేలిముద్ర.

ఆ నమ్మకమంటే కృష్ణకుమారికి ఒళ్ళంతా గర్వం. "నా కడుపులో ఉండే గుట్లు బయటేస్తే కొమరోలు దాకా సగం సంసారాలు కూలిపోతాయి" అని మొగుడు నాగేంద్ర దగ్గర కోతలు కోసేది. రైల్వేలో పనిచేసే నాగేంద్ర ఆశగా, "ఒక్కటన్నా చెప్పరాదా?" అనేవాడు. అప్పుడు మాత్రం ముఖం తిప్పుకునేది.

రెండేళ్ళ కిందట ఆమె కుడిచేతి బొటనవేలు మొరాయించింది. పెన్ను పట్టుకుంటే మోచేతిదాకా జివ్వున లాగేది. ఆఫీసులో కూడా టైపు చేసిన కాగితమైతే మేలనేవాళ్ళు. సరిగ్గా అప్పుడే "పలుకుమిత్ర" కంపెనీ మనిషి ప్రకాశరావు దిగాడు. ఇస్త్రీ చొక్కా, గంగిరెద్దు మెడలో గంటలా వేలాడే గుర్తింపు కార్డు.

"మీరు ఫోన్లో మాట్లాడితే చాలు మేడం, అర్జీ దానంతటదే వచ్చేస్తుంది. మొదటి ఏడాది ఫ్రీ."

"ఫ్రీగా ఎందుకిస్తున్నారు నాయనా?"

"ప్రజాసేవ మేడం."

కంపెనీ ప్రజాసేవ చేస్తానంటూ గడప తొక్కితే, ముందు వంటింటి తలుపు వేసుకోవాలి. ఆ తెలివి కృష్ణకుమారికి ఆ రోజు రాలేదు. వేలి నొప్పి అట్లాంటిది.

పలుకుమిత్ర రాసిన అర్జీ చూస్తే కళ్ళు తిరిగేవి. "సదరు ప్రతివాది దురుద్దేశపూర్వకంగా" అని మొదలై ఒక్కో వాక్యం గూడ్సుబండంత పొడుగు. రాయించుకున్నవాళ్ళకు ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదు కాబట్టి గట్టిగా ఉందని మురిసిపోయేవాళ్ళు. కృష్ణకుమారికి కూడా తల బిరుసెక్కింది. మునుపు కాగితాన్ని మూడుసార్లు చూసుకునే మనిషి, ఇప్పుడు ప్రింటు తీసి నేరుగా హరికథ చెప్పినట్టు చదివేసేది.

ఇట్లా ఉండగా పుల్లయ్యకూ చెంచయ్యకూ దారి తగాదా వచ్చింది. ఇద్దరిదీ కొమరోలు దిక్కు ఒకే పల్లె. పుల్లయ్యకు చెరువు దగ్గర నాలుగెకరాల కంది చేను. చెంచయ్యకు ఎనభై గొర్రెలు. అవి నీళ్ళకు పోయే దారి ఆ చేని పక్కనే. ఆ దారికి పుల్లయ్య ముళ్ళకంప అడ్డం కొట్టాడు.

పొద్దున పుల్లయ్య వచ్చి, బల్ల మీదికి వంగి గుసగుసగా అన్నాడు. "అమ్మీ, హద్దురాయి నేనే దారిలోకి జరిపినా. నాలుగడుగులు. పోయిన వానాకాలం, ఎవురూ లేనప్పుడు. నీకు తెలియాల గాబట్టి చెప్తన్నా. అర్జీలో మాత్రం రాకూడదు."

"నువ్వు నిమ్మళంగా ఉండు మామా" అంది కృష్ణకుమారి. ఆ సంగతి రాయొద్దని ఫోనుకు కూడా చెప్పింది. పుల్లయ్య అర్జీలో అది రాలేదు.

మధ్యాహ్నం చెంచయ్య వచ్చి తన గోడు చెప్పుకున్నాడు. కృష్ణకుమారి ప్రింటు తీసి, గొంతు సవరించుకుని అందుకుంది. "సదరు పుల్లయ్య గత వర్షాకాలమున, ఎవరూ లేని సమయము చూసి, హద్దురాయిని తానే నాలుగు అడుగులు జరిపియున్నాడు..."

నోరు దాటాక గానీ చెవికి తెలియలేదు.

చెంచయ్య తలపాగా సర్దుకుని అడిగాడు. "ఇది నేను చెప్పలేదే తల్లీ?"

"ప్రింటు తప్పు పెదనాయనా" అంటూ ఆమె కాగితం చించేసింది.

"తప్పైతే అంత గాబరాగా ఎందుకు చించుతావు? నాలుగడుగులని కొలతతో సహా తప్పు పడుద్దా? నేను గొర్రెల్ని కాసేవాణ్ణి తల్లీ, గొర్రెను కాదు."

ముసలాయన కర్ర తీసుకుని నేరుగా టీ కొట్టు దగ్గరికి పోయాడు. అక్కడ పుల్లయ్య మర్యాదగా ఆకాశం చూస్తున్నాడు. "ఏం పుల్లయ్యా, ఆ రాయి శానా బరువుండెనా?" అని అడిగాడు చెంచయ్య.

పుల్లయ్య చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. అతను బల్ల దగ్గరికి వచ్చి కేకలు వేస్తాడనుకున్నారు అందరూ. వచ్చాడు గానీ కేకలు వేయలేదు. "నీ కడుపులో దాచుకున్నా అనుకున్నా అమ్మీ. మైకులో చెప్పినానని తెలియకపాయె" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ వారం నుంచి స్టూలు ఖాళీ. జనం బస్సు ఛార్జీలు పెట్టుకుని మార్కాపురం పోయి రాయించుకుంటున్నారు. బల్ల లేకపోయినా కృష్ణకుమారికి పూటకు లోటులేదు. కానీ సందులో ఆమెను చూసి మాటలు ఆపేసే జనాన్ని ఆమె ఎన్నడూ ఎరగదు. గుట్టు దాచే మనిషన్న పేరు తప్ప ఆమె సంపాదించుకున్న ఆస్తి మరొకటి లేదు. అది పోయింది.

కంపెనీకి ఫోను చేసింది. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, చివరికొక పిల్ల తేనె గొంతుతో పలికింది. "మీ మెరుగైన అనుభవం కోసం పాత మాటలన్నీ గుర్తుపెట్టుకుంటుంది మేడం. వద్దంటే ఆపుకోవచ్చు."

"ఆపితే ఆగినట్టు నాకెట్ల తెలిసేది?"

"మా మాట నమ్మండి మేడం."

"నా దగ్గరికొచ్చేవాళ్ళు నా మొహం చూసి నమ్మినారమ్మా. మీ మొహమేది?"

అవతల పాట పెట్టారు. ఆ పాట ఆమె పావుగంట విన్నది.

చెల్లెలి కూతురు శిల్ప మార్కాపురం కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. కథంతా విని, కడుపుబ్బ నవ్వి, ఆ తర్వాత దారి చెప్పింది. "ఇట్లా రాసేవాటిల్లో కొన్నింటిని చేసినోళ్ళే ఊరికే వదిలేసినారు పెద్దమ్మా. ఒక్కసారి దించుకుంటే మన కంప్యూటరు పెట్టెలోనే ఉంటది. ఆ తర్వాత నెట్టు వైరు పీకెయ్. అది నువ్వు చెప్పింది వింటది, రాస్తది, బయటికి పోదు."

"ఇదీ ఊరికేనా? ఊరికే అంటేనే గదే నా కొంప మునిగింది!"

"ఊరికే వచ్చి మనింట్లో కూర్చునేది వేరు. ఊరికే అని మనల్ని తీసుకుపోయి వాళ్ళింట్లో కూర్చోబెట్టేది వేరు."

మార్కాపురంలో మూతబడిన వీడియో గేముల దుకాణంలో సెకండ్ హ్యాండు పెట్టె దొరికింది. కుర్రకారు ఆటలకు చేసిన యంత్రం కదా, ఎరుపూ నీలమూ లైట్లతో తిరునాళ్ళ ప్రభలా వెలిగేది. ఫ్యాను తిరిగితే చేనికి మందు కొడుతున్నంత మోత. శిల్ప అన్నీ ఎక్కించి వైరు తీసేసింది. కృష్ణకుమారి ఆ వైరును చుట్టచుట్టి, అందరికీ కనబడేట్టు గుంజకు మేకుకొట్టి తగిలించింది.

కొత్తదాని తెలుగు దేవుడెరుగు. తహసీల్దారుకు రాసిన మొదటి అర్జీ చివర "ప్రేమతో, మీ శ్రేయోభిలాషి" అని పెట్టింది. గొర్రెల మందను "గొర్రెల బృంద సభ్యులు" అంది. కృష్ణకుమారి తల పట్టుకుంది. తన పాత అర్జీలు ఇరవై ఏరి, పేర్లు కొట్టేసి, ఇట్లా రాయాలని ముందు దానికి చూపించాక కాస్త దారికొచ్చింది. అయినా నమ్మకం లేక ప్రతి ముక్కా ముందు తను చదువుకునేది. మునుపు చేసినట్టే మూడుసార్లు. పని కాగానే, రాయించుకున్నవాళ్ళ కళ్ళ ముందే వాళ్ళ మాటలన్నీ పలక తుడిచినట్టు తుడిచేసేది.

ఎవరూ నమ్మలేదు. "వైరు లేకుండానే రాస్తదంట. వైరు లేకపోతే మా ఇంట్లో బల్బే ఎలగదు" అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు.

అట్లాంటిది ఒకనాడు పుల్లయ్య వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు! కృష్ణకుమారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనయింది. "గుట్ట కింది రెండెకరాలు సోలారు కంపెనీకి ఇస్తన్నా అమ్మీ. పురుగుకు కూడా తెలియగూడదు" అన్నాడు. ఆమె రాసింది, చదివి వినిపించింది, తుడిచింది.

పద్దెనిమిదో రోజున అతను నలుగురిని వెంటేసుకుని వచ్చి బల్ల మీద చరిచాడు. గాజుల కొట్టుకని బయలుదేరిన భార్య వెంకటసుబ్బులమ్మ కూడా వెనకే వచ్చింది.

"పీకింది వైరేనా, సిగ్గా? పొద్దున్నే బ్రోకరు మోటారు సైకిలేసుకుని మా ఇంటికొచ్చినాడు, సోలారుకు భూమిస్తన్నావంట గదా అని!" గొంతు ఇంకా పెంచాడు. "అది అబద్ధం అమ్మీ! నీ పెట్టెను పరీక్ష చేసేదానికి చెప్పినా. దీంట్లోంచి గాకపోతే యాడి నుంచి పోయింది?"

కృష్ణకుమారి గుంజ వైపు చూసింది. వైరు మేకుకే ఉంది. అయినా ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది. కంపెనీ ఒకసారి మనిషికి నేర్పిన భయం అంత తొందరగా పోదు.

"మామా, అది అబద్ధమని నీకు గాక ఇంకెవరికి తెలుసు?" అని మెల్లిగా అడిగింది.

"ఎవురికీ తెలవదు. మా ఇంటిదానికి తప్ప."

నలుగురూ వెంకటసుబ్బులమ్మ వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేంది?" అంది ఆవిడ కొంగు బిగించి. "అబద్ధమే గదా అని మా అక్కకు చెప్పినా. నిజమైతే చెప్తానా?"

సందంతా గొల్లుమంది. జిరాక్సు దుకాణం అబ్బాయి మిషను ఆపి మరీ నవ్వాడు. వెంట వచ్చిన నలుగురూ, టీ తాగి వస్తామని ఒక్కొక్కరే జారుకున్నారు. పుల్లయ్య మొహం కంది పొట్టులా అయిపోయింది.

అతను పోలేదు. భార్యను గాజుల కొట్టుకు తరిమి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెట్టె వంక చూశాడు, వైరు వంక చూశాడు, చివరికి కృష్ణకుమారి వంక చూశాడు.

"నువ్వు గూడా కాసేపు అట్ల పోతావా అమ్మీ?"

"నేను పోతే దీనికి చెప్పి రాయించేదెవరు మామా?"

అది నిజమే అనిపించింది అతనికి. చాలాసేపు కూర్చున్నాడు. చేను తండ్రి ఇచ్చింది కాబట్టి అడుగు కూడా వదలనన్నాడు. మళ్ళీ, మొన్న గొర్రెలు ముళ్ళలో చిక్కుకుంటే తానే పోయి విడిపించానన్నాడు. చెంచయ్యను తిట్టాడు. తర్వాత, వాడూ నేనూ చిన్నప్పుడు ఆ దారిలోనే ఈతకు పోయేవాళ్ళమన్నాడు. అరగంట గడిచింది. ఆ మాటలన్నీ పెట్టెలో పడుతూనే ఉన్నాయి.

"హద్దురాయి మళ్ళా పాత చోటే పాతుకుంటానని పెట్టు. చెంచయ్య అడిగినందుకని గాదు, నా అంతట నేనే దారి వదుల్తన్నానని పెట్టు."

ఆమె పెట్టింది. పైకి చదివింది. అతను వేలిముద్ర వేసి, వేలు లుంగీకి తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "ఇది బయటికి పోగూడదు."

"ఆఫీసులో ఇచ్చినాక ఊరంతా తెలుస్తది గదా మామా!"

"కాగితం తెలియనీ. అరగంట కూర్చొని మెత్తబడినానని మాత్రం తెలియగూడదు."

కృష్ణకుమారి తెర అతని వైపు తిప్పి, అతను చూస్తుండగానే ఆ అరగంటను తుడిచేసింది.