ఆఖరిల్లు ఎవరిది?

ఉత్తరాలక్కకి తెలిసినంతగా ఆ చోటు దాన్ని పుట్టించిన దేవుడికైనా తెలుసో లేదో అనుమానమే. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడ సైకిలు తిరగని దారి అక్కడ లేదు. దాన్ని ఊరు అందామంటే ఊరికి ఉండాల్సిన పెద్దా లేడు, పొలిమేర రాయీ లేదు. కాదందామా, పొయ్యిలు వెలుగుతున్నాయి, కుక్కలు మొరుగుతున్నాయి. రెండు మట్టిరోడ్లు కలిసే కూడలి, చుట్టూ పొలాల మధ్య చెదురుమదురుగా ఇళ్లు, తూర్పున ఒక వాగు, వాగు మీద సన్నటి వంతెన, దాని అవతల దూరంగా ఒక గుట్ట. పటంలో వెతికితే సరిగ్గా ఈ కూడలి ఉండాల్సిన చోట పట్నం పేరులోని ఆఖరి అక్షరం అచ్చయి ఉంటుంది.

కూడలిలో కిరాణా కొట్టు పక్క గదే పోస్టాఫీసు. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఒక బల్ల, ఒక తూకం, ఒక ముద్ర, గోడ నిండా చెక్క అరలు. ఆ అరలు ఆవిడ మామగారు చేసినవి. ఆయన వడ్రంగి. కోడలికి ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో నాలుగు రోజులు వేరే పని ముట్టకుండా చేసిచ్చాడు. ఇక్కడ ఇళ్లకి నంబర్లు లేవు కనక నేల ఎలా ఉందో అరలు అలాగే అమర్చాడు. పై వరసలో ఉత్తరం పొలాల ఇళ్లు, కింది వరసలో దక్షిణం తోటల ఇళ్లు, కుడివైపు వాగుకి గుర్తుగా నిలువునా ఒక నీలం గీత. గీత అవతల రెండే అరలు: ఇటుకబట్టీ వాళ్లది ఒకటి, తేనెపెట్టెల పెద్దాయనది ఒకటి. పేర్లకి బదులు బొమ్మలు. కమ్మరికి గుర్రపు నాడా, దర్జీకి దారపుండ, నర్సమ్మకి మందుసీసా. పెద్దాయనకి తేనెటీగ వేశాడు గానీ అది ఎటునుంచి చూసినా బొద్దింకలాగే ఉంటుంది. ఆ సంగతి పెద్దాయనకి ఇప్పటిదాకా తెలీదు. మీరూ చెప్పకండి.

ఇంత చక్కగా సాగుతున్న ఉద్యోగానికి పైఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. నూట యాభై మంది లేని చోట ఇక ఇంటింటికీ ఉత్తరాలు పంచరట. కూడలిలో ఒక ఇనప పెట్టె పెడతారు, వారానికి రెండుసార్లు పట్నం నుంచి బండి వస్తుంది, కావలసినవాళ్లు వచ్చి తీసుకుపోవాలి. పోస్టాఫీసు మూత. గురువారం సర్వేయరు వస్తాడు, ఎల్ల ఎక్కడిదాకానో తేలుస్తాడు, ఎల్ల లోపల తలలు లెక్కపెడతాడు. పాత కాగితాల ప్రకారం ఎల్ల అంటే వాగు వంతెన.

ఉత్తరాలక్క సైకిలు తొక్కుతూనే లెక్కపెట్టింది. మంగలి ఇంట్లో కవలలు ఎప్పుడూ విడివిడిగానే తిరుగుతారు కనక మొదటిసారి ఇద్దరినీ ఒకడి కింద లెక్కేసింది. రెండోసారి సరిచేసింది. వంతెన దాకా మొత్తం నూట నలభై ఒకటి. మూడోసారి లెక్కపెట్టినా అదే.

ఉద్యోగం పోతుందన్న బెంగ కాదు ఆవిడది. ఇంకో రెండేళ్లకి ఎలాగూ విరమణే, మోకాళ్లు ఆ సంగతి రోజూ గుర్తుచేస్తూనే ఉన్నాయి. కానీ తెల్లారితే ఈ తలుపులన్నీ తట్టకుండా ఎలా బతకడం? ఏ ఇంట్లో ఎవరికి జ్వరం తగ్గిందో తెలియకుండా అన్నం ఎలా సయిస్తుంది? మొగుడు లారీలు తోలి తోలి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. పెళ్లాం దిగులు చూడలేక గురువారం పొద్దున్నే టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేశాడు. అది తాగలేకపోయింది గానీ ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది.

ఆవేళ ఆవిడ బయల్దేరేసరికి కమ్మరి తల్లి దారిలో కాచుకుని ఉంది.

"ఏమే, తొమ్మిదిమందేగా తక్కువ? మా చుట్టాల్ని పిలిపిస్తాను. ఒక్క పూట వచ్చి కూర్చుంటారు, భోంచేసి పోతారు."

"వద్దత్తా. ముప్పై ఏళ్లలో ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇవ్వలేదు నేను. ఇప్పుడు కాకిలెక్కలు చెప్పనా?"

"నీ నిజాయితీ తగలెయ్య," అంది ముసలావిడ ముద్దుగా.

సర్వేయరు సన్నగా, పొడుగ్గా, కర్రకి బిగించిన కొలతచక్రం తోసుకుంటూ వచ్చాడు. పోస్టాఫీసులో అడుగుపెట్టి అరల ముందు అయిదు నిమిషాలు అలాగే నిలబడ్డాడు.

"ఇది అరలా, పటమా అండీ?"

"రెండూనండీ," అంది గర్వంగా.

"మా ఆఫీసులో దానికన్నా ఇదే నయం," అని ఆ బొమ్మలన్నీ తన పుస్తకంలో గీసుకున్నాడు. తేనెటీగని మాత్రం బొద్దింక అనే రాసుకున్నాడు.

ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. తలుపు తట్టడం ఆవిడ పని, తలలు లెక్కపెట్టడం అతని పని. మధ్యాహ్నానికి వంతెన ఇవతలి కమ్మరి కొలిమికి చేరారు. లెక్క నూట నలభై ఒకటి. అతను కలం మూస్తాడేమోనని ఆవిడ అతని చేతివంకే చూసింది. మూయలేదు.

"పాత కాగితాలు పక్కన పెట్టమన్నారండీ. నివాసులు ఎక్కడిదాకా తమ చోటు అంటే అక్కడిదాకా ఎల్ల రాయమన్నారు," అని కమ్మరి వైపు తిరిగాడు. "ఏమండీ, మీదేనా ఆఖరి ఇల్లు?"

పాపం, అతనికేం తెలుసు! ఆ చోట ఎవరినైనా దొంగ అను, దొర అను, సహిస్తారు. ఆఖరిల్లు అంటే మాత్రం అగ్గిమీద గుగ్గిలమే. దానికో కథ ఉంది. ఒకప్పుడు వానలు లేని ఏడు నీళ్ల బండి వచ్చేది. ఎవరిది చివరి ఇల్లయితే వాళ్ల వంతు వచ్చేసరికి బండిలో బురదే మిగిలేది. కాలం మారింది, బోర్లు పడ్డాయి, ఆ బండి తుక్కయిపోయింది. మాట మాత్రం తిట్టుగా నిలిచిపోయింది. అక్కడ పిల్లలు పోట్లాడుకున్నా "పోరా ఆఖరిల్లోడా" అనే అనుకుంటారు.

కమ్మరి సుత్తి కింద పెట్టాడు.

"ఎవరండీ చెప్పింది మాది ఆఖరని? వాగు దాటండి. ఇటుకబట్టీ లేదూ? వాళ్లు మావాళ్లు కాదూ?"

ఉత్తరాలక్కకి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. సైకిలు వంతెన వైపు తిప్పింది, అంతే. చెప్పాల్సింది ఇళ్లవాళ్లు, ఆవిడ కాదు.

వంతెన దాటారు. ఇటుకబట్టీ ఇంట్లో మొగుడూ పెళ్లాం, అత్తగారు, నలుగురు పిల్లలు. ఏడుగురు. నూట నలభై ఎనిమిది. బట్టీ ఇల్లాలిది పెద్ద నోరు. ప్రశ్న పూర్తి కానివ్వలేదు.

"ఆఖరా? మాదా? ఏం బాబూ, మేం ఎవరికి అంత చులకనయ్యాం? మాకు మా ఇల్లే నడిమిల్లు! పోండి, ఇంకా ముందుకి పోండి. తేనె పెద్దాయన ఉన్నాడుగా."

ఉత్తరాలక్క సైకిలు నడిపిస్తూ వేళ్లు మడిచింది. పెద్దాయన ఒంటరి మనిషి. ఆయన్ని కలిపినా నూట నలభై తొమ్మిది. ఒక్క తల! పైగా ఆయన "నేను ఏ ఊరివాణ్ణీ కాను, నా ఊరు నా ఈగలే" అని ముప్పై ఏళ్లుగా అంటున్న మనిషి. నెలకొకసారి అక్కగారి దగ్గర్నుంచి వచ్చే ఉత్తరం తప్ప ఆయనకి లోకంతో పని లేదు. పోయిన నెల ఆ ఉత్తరం మామూలుకన్నా లావుగా వచ్చింది. ఈ నెల అసలు రాలేదు. ఆ పెద్దావిడకి ఏమైందో కూడా అడగాలి.

గుట్ట కింద ఇరవై తేనెపెట్టెలు, వాటి మధ్య ఒక పెంకుటిల్లు. పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు.

"నా పేరు రాసుకోవద్దు," అన్నాడు ముందే. "నేను ఎవరి లెక్కలోనూ లేను."

"అలాగేనండీ," అన్నాడు సర్వేయరు చల్లగా. "అయితే ఈ ఆఖరి ఇల్లు వదిలేసి, ఎల్ల ఇటుకబట్టీ దగ్గరే రాసేస్తాను."

పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి. ఈగలు తప్ప మరే లోకం వద్దన్న మనిషికీ ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

"ఆఖరా? ఏది ఆఖరు? గుట్ట అవతల మా అక్క ఇల్లు లేదూ?"

"అక్కా?" అంది ఉత్తరాలక్క. సైకిలు హ్యాండిలు చేతిలోంచి జారిపోయింది. "అక్క ఎప్పుడొచ్చింది బాబాయ్?"

"ఇరవై రోజులయింది. వచ్చేస్తున్నానని ఆ లావు ఉత్తరంలో రాసింది. పక్క ఊరి దారిన బండిలో దిగింది. మాకిద్దరికీ ఉప్పూ నిప్పూ కదా, ఒక కప్పు కింద పడదు. అవతల పాత తేనెకొట్టం బాగుచేయించి ఇచ్చాను. నన్నూ రాసుకోండి మరి. దాన్ని రాసి నన్ను వదిలేస్తారేం?"

గుట్టకి అవతలి వాలు ఉందన్న సంగతి ఉత్తరాలక్క ఏనాడూ తలచనైనా తలచలేదు. ఆవిడ అరలు పెద్దాయన దగ్గరే అయిపోతాయి మరి. చెప్పులు చేత్తో పట్టుకుని గబగబా ఎక్కేసింది. మోకాళ్లు ఏమన్నాయో వినలేదు.

కొట్టం ముందు కుట్టుమిషను, నాలుగు ట్రంకుపెట్టెలు, వాటి మీద ఎండుతున్న దుప్పట్లు. డెబ్భై నాలుగేళ్ల పెద్దావిడ గోడకి సున్నం కొడుతోంది. సర్వేయరు ఆయాసపడుతూ అడిగాడు.

"చుట్టపుచూపుగా వచ్చారా, ఉండిపోవడానికా అండీ?"

"చుట్టపుచూపుకి ఎవరైనా కుట్టుమిషను మోసుకొస్తారా నాయనా?"

అతను రాసుకున్నాడు. నూట యాభై. రాసుకున్నవాడు ఊరుకున్నాడా, అలవాటు కొద్దీ అడిగేశాడు. "అయితే ఆఖరిల్లు మీదేనన్నమాట."

ఉత్తరాలక్క కళ్లు మూసుకుంది. ఇక దీని అవతల ఇల్లు లేదు. ఉన్నదల్లా రోడ్డు, ఆ రోడ్డు మీద ఇంకో ఊరు. అలిగి 'నేను ఆ ఊరిదాన్నే' అనేస్తే లెక్క మళ్లీ మొదటికే.

పెద్దావిడ సున్నం కుంచెతో ఆ రోడ్డు వైపు చూపించింది. "నేను అటునుంచి వచ్చాను. అటునుంచి వస్తే మీ చోటుకి మొదటిల్లు నాది. ఆఖరిల్లేమిటి?"

సర్వేయరు నవ్వేశాడు. ఉత్తరాలక్క మాత్రం పరాయి ఇంటి పెట్టె మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని, ఆనందం పట్టలేక ఏడ్చేసింది. పెద్దావిడ ఎందుకని అడగకుండా మంచినీళ్లిచ్చింది.

నెల తిరక్కుండా కొట్టం పక్కన ఆ చోటు పేరుతో పలక నాటారు. పోస్టాఫీసులో కుడివైపు అరలకి చోటు చాలక, ఉత్తరాలక్క మొగుడు ఒక చిన్న చెక్కపెట్టె చేసి చట్రం బయట మేకులతో బిగించాడు. దాని మీద ఆవిడే తలుపు బొమ్మ వేసింది.

అందులో పడిన మొదటి ఉత్తరం తేనె పెద్దాయన ఇచ్చిందే. అక్కగారికి.

"గుట్ట ఎక్కి దిగితే ఇల్లే కదా బాబాయ్, వెళ్లి చెప్పి రారాదూ?"

"నోటితో చెబితే పోట్లాట అవుతుందమ్మా. నలభై ఏళ్లు ఉత్తరాల్లోనే బాగున్నాం. నువ్వుండగా ఇప్పుడు చెడగొట్టుకోమంటావా?"

ఆ ఉత్తరం నాలుగు మైళ్లు కూడలికి వచ్చింది, ముద్ర వేయించుకుంది, తలుపు బొమ్మ పెట్టెలో ఒక రాత్రి పడుకుంది, మర్నాడు మళ్లీ నాలుగు మైళ్లు వెనక్కి బయల్దేరింది. ఉత్తరాలక్క సైకిలు తోసుకుంటూ, మోకాళ్లని తిట్టుకుంటూ గుట్ట ఎక్కింది. పైకి చేరేసరికి అవతలి వాలు నుంచి గట్టిగా కేక వినిపించింది.

"ఏమ్మా, మొదటింటికే ఇంత ఆలస్యమైతే ఎలా?"