నెమరు ముద్ద

మా పశువుల డాక్టరు సారు పోయారని మొన్న పొద్దున ఆయన సొంతూరు మొగుళ్లపల్లి నుంచి ఫోన్ వచ్చింది. గుండె ఆగిందట. ఫోన్ పెట్టేసి కొట్టంలోకి వెళ్లి బర్రె పక్కన కూర్చుని ఏడ్చాను. ఇంట్లోవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ, ఆయన కోసం ఇంకెక్కడ ఏడవాలి నేను?

పాలకుర్తి దగ్గర మా ఊళ్లో ఆయన చాలా ఏళ్లు పనిచేశారు. కొట్టంలోకి రాగానే బర్రెను కాదు, పేడను చూసేవారు. పుల్లతో విడదీస్తే గడ్డి పోచలు పొడుగ్గా కనబడ్డాయా, ఇక నాకు తిట్లే. ముదిరిన జొన్న చొప్ప వేశావు కదా, అది కట్టెలు మేపినట్టే, పూత మీద కోయమంటే నీకు చెవికెక్కదా అని. నేను మూతి ముడుచుకుంటే కాస్త మెత్తబడి, "గడ్డిని అరిగించేది బర్రె గాదు బిడ్డా, దాని కడుపుల ఉన్న పురుగులు. మనం మేపేది వాటిని" అనేవారు. ఆ మాటకు నాకు ఒళ్లు జలదరించేది. కొత్త మేత ఏదైనా పిడికెడుతోనే మొదలుపెట్టాలనీ, లేకుంటే ఆ పురుగులు తట్టుకోలేవనీ చెప్పేవారు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, ఆఫీసులు మూత. తవుడు, గానుగ చెక్క రావడం ఆగిపోయింది. బర్రెలకు ఎండు వరిగడ్డే గతి. ఎంత తిన్నా ఒంటికి పట్టక పక్కటెముకలు తేలాయి. మా బర్రె చూడిది. అది ఈనితేనే మా ఇల్లు నడిచేది. సారు కూడా దవాఖానకు తాళం వేసి రోడ్డు మీద టెంటులో కూర్చునేవారు.

ఒకనాడు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఊరంతా అక్కడే వండుకుంటుండగా పెద్ద వాన. జనం చెల్లాచెదురయ్యారు. గంగాళాల నిండా అన్నం మిగిలిపోయింది. అన్నం పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? మగవాళ్లు దాన్ని వాడకు తెచ్చి బర్రెల ముందు పోశారు. పాపం, ఇన్నాళ్లకు మంచి తిండి దొరికిందనుకున్నాం. అవి తొట్లు నాకి నాకి తింటుంటే నా కడుపే నిండినట్టయింది.

తెల్లారేసరికి వాడలో ఒక్క బర్రె కూడా నెమరు వేయడం లేదు. పళ్లు కొరుకుతున్నాయి. పేడ నీళ్లలా పడుతోంది, పుల్లటి వాసన. మా ఆయన టెంటుకు పరుగెత్తాడు. సమ్మె సమ్మేనని అక్కడెవరో అడ్డం పడ్డారట. సారు లేచి, "సమ్మె నేను చేస్తున్న. బర్రె చేస్తలేదు" అన్నారట. వానలో నడిచే వచ్చారు.

మా బర్రె డొక్క తడిమి చూసి, మా ఎదురింటి అక్క కొట్టంలోకి వెళ్లారు. ఆమె బర్రె మెడ డొక్కలోకి వాల్చి పడుకుని ఉంది. సారు దాని ఎడమ డొక్క మీద పిడికిలి అదిమి, చెవి ఆనించి చాలాసేపు విన్నారు. లేచి, నీ ఎద్దు ఏదని అడిగారు. అది బావి దగ్గరే కట్టేసి ఉంది, అన్నం ముట్టలేదు.

"అక్కా, నీ బర్రె ఇగ దక్కదు. ఎదురింటిది దక్కేటట్టున్నది. నీ ఎద్దు నోట్లె నెమరు ముద్ద గావాలె" అన్నారు.

నేను తల ఎత్తలేకపోయాను. అక్క తన బర్రె నుదురు ఒకసారి నిమిరి, వెళ్లి ఎద్దును తోలుకొచ్చింది.

ముందు మా బర్రెకు తినే సోడా కలిపిన నీళ్లు తాగించారు సారు. ఎద్దు నెమరు మొదలుపెట్టాక నోట్లో చెయ్యి పెట్టి పచ్చటి ముద్ద తీశారు. అలా కొన్ని ముద్దలు తీసి గోరువెచ్చని నీళ్లలో పిసికారు. అన్నం పులిసి మన బర్రె కడుపులో పురుగులు చచ్చాయి, ఎద్దువి బతికే ఉన్నాయి, వీటిని అందులోకి పంపుదామన్నారు. గొట్టంతో పోసి, దాని పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారు. తిండి కూడా ముట్టలేదు. నేనైతే మొక్కని దేవుడు లేడు.

పొద్దు వాలుతుండగా మా బర్రె గొంతులో ఉండ ఒకటి పైకి కదిలింది. దవడ పక్కకు ఆడింది. నేను కేక వేయబోతే సారు నోటి మీద వేలు పెట్టి ఎదురింటి వైపు చూపించారు. అక్కడ ట్రాక్టరు ఆగి ఉంది. చచ్చిన బర్రె కాళ్లకు తాడు బిగిస్తున్నారు. అక్క ఎద్దు పలుపు పట్టుకుని వాకిట్లో నిలబడి, మా బర్రె దవడ వైపే చూస్తోంది.