తువ్వాల కింద మాట

మొన్న నా కూతురు మమ్మల్ని వనపర్తిలో కొత్త సినిమాకు తీసుకెళ్ళింది. మమ్మల్ని అంటే నన్నూ, మా చిన్నాయననూ. పిలవడం చిన్నాయన అనే గానీ, మా అమ్మను మారుమనువు చేసుకున్న మనిషి, నాకు సవతి తండ్రి. సినిమా కూడా సవతి తండ్రి గురించే. ఈ కాలం సినిమాల్లో వాళ్ళకు మంచిరోజులొచ్చాయి. ఒకప్పుడు బెల్టు తీసి కొట్టడానికే తెర మీదికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు దోసెలు పోస్తున్నారు, పిల్లకు జడ వేస్తున్నారు, ఒక్క పాట అయ్యేసరికి సగం తండ్రి అయిపోతున్నారు. మిగతా సగం చివర్లో, నిండు సభలో, మైకు ముందు. నా కూతురు కళ్ళు తుడుచుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఆ సంగతి తేలింది పెబ్బేరు సంతలో, ఎద్దుల మధ్య.

నాన్న పోయాక అమ్మా నేనూ కొల్లాపూర్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఈ సంబంధం వచ్చింది. ఆయన పెబ్బేరు సంతలో పశువుల దళారి. అమ్మ ఒకటే మాట అంది: "పిల్ల ఒప్పుకుంటెనే." ఇంకేముంది, పెద్దలంతా నా చుట్టూ చేరారు. "చెప్పు బిడ్డా, ఇష్టమేనా?" అవునంటే నాన్నను మరిచిపోయినట్టు, కాదంటే అమ్మ బతుకు నా చేతులారా చెడగొట్టినట్టు. ఓ పక్కన కూర్చున్న ఆయనే కల్పించుకున్నాడు. "పిల్లను గట్ల పరేషాన్ చెయ్యకుండ్రి. సంత నాడు జర తోల్కరాండ్రి, ఎద్దులను చూస్తది."

అమ్మమ్మ వెంట పోయాను. పేడ వాసన, కొత్త పగ్గాలు, రంగులేసిన కొమ్ములు. అక్కడ ధర పైకి చెప్పుకోరు. చేతుల మీద తువ్వాల కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. చుట్టూ ఎంతమంది మూగినా ఆ మాట ఇద్దరికే తెలుస్తుంది, బేరం చెడినా ఎవరి పరువూ పోదు. అమ్మమ్మ బెల్లం బేరంలో పడగానే ఆయన నా ముందు గొంతుక్కూర్చుని, నా చేతి మీద తువ్వాల కప్పాడు. "నా వేళ్ళు పట్టుకుంటె సరే అన్నట్టు. చెయ్యి గుంజుకుంటె వద్దన్నట్టు. ఎవ్వలకు తెల్వదు బిడ్డా. నాకు, నీకే."

నేను చెయ్యి గుంజుకున్నాను.

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. అమ్మమ్మ రాగానే, "నాకే ఇప్పుడు తీరుత లేదమ్మా, ఈ లగ్గం మాట ఆపుదం" అన్నాడు. అమ్మమ్మ సంతంతా వినేలా తిట్టింది. "ఆడిదాని బతుకుతోని ఆటలాడుతున్నవా? మాట మీద నిలబడనోనివి దళారి ఎట్లయినవు?" నోటిమాటే పెట్టుబడిగా బతికే మనిషి, తలవంచుకుని అన్నీ పడ్డాడు. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. వారమంతా భయపడుతూనే ఉన్నాను, నిజం బయటపడి నన్ను తిడతారని. ఎవరూ తిట్టలేదు. ఒక పెద్ద మనిషి చిన్నపిల్ల మాటను అంత పదిలంగా దాస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

మరుసటి సంతకు ఏడ్చి మరీ పోయాను. ఆయన ఎవరితోనో కోడెల గురించి మాట్లాడుతున్నాడు. మధ్యలో దూరి, ఆయన భుజం మీది తువ్వాల లాగి, దాని కింద ఆయన వేళ్ళన్నీ కలిపి పట్టుకున్నాను. కోడెలు కొనవచ్చినాయన నవ్వాడు. "పిల్ల ఎంతకు అడిగిందయ్యా?"

"గది పైకి చెప్పేది కాదు" అన్నాడు చిన్నాయన.

థియేటర్లో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. తెర మీద పిల్ల మైకు పట్టుకుని ఏడుస్తుంటే, "ఏమంటుంది బిడ్డా గా పిల్ల?" అని గట్టిగా అడిగాడు. ముందు వరసంతా వెనక్కి తిరిగి చూసింది. నేను ఆయన తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పి, వేళ్ళు పట్టుకున్నాను.

"గదేనా! గంతదానికి మైకెందుకు?" అన్నాడు.

ఇన్నేళ్ళ కాలం ఆ వేళ్ళలో బలమంతా తీసుకుపోయింది గానీ, సినిమా అయిపోయి లైట్లు వెలిగేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.