మూడు వేళ్ళ లోతు

కరాజాదాగ్ కొండ దిగువన నల్లరాళ్ళ నేలలో మసూరు పప్పు పండించే ఊళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో ఒక ఊరికి విత్తన గొర్రు అంటే బోజాన్‌దే. పాత ట్రాక్టరు వెనక దాన్ని తగిలించుకుని కార్తె రాగానే చేను చేనుకీ తిరిగేవాడు. అంతకుముందు అందరూ గింజని చేత్తో వెదజల్లి, పైన నాగలి తోలి, భారం దేవుడి మీద వేసేవారు. సాళ్ళలో విత్తడం అలవాటు చేసింది బోజానే.

"సాలుకీ సాలుకీ జానెడు ఎడం. అంతకన్నా ఎడం పెడితే కలుపు కాపరం పెడుతుంది. దగ్గరగా ఉంటే మొక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి, కోతప్పుడు ఆడవాళ్ళ నడుములు విరగవు. గింజ మాత్రం మూడు వేళ్ళ లోతున పడాలి. పై మట్టి ఎండినా అడుగున పదును ఉంటుంది," అని ఎదురైన ప్రతివాడికీ చెప్పేవాడు. అతని మాట నమ్మి బాగుపడినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆఖరున ఒప్పుకున్నది బెస్నా. బోజాన్ పెదనాన్న కొడుకు భార్య, భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు అదానా వైపు పత్తి పనులకు పోతే, కోడలు ఖునాఫ్‌తో కలిసి సేద్యం చూసుకునేది. ఆమె విత్తనం ఆమెదే. పెళ్ళై వచ్చేటప్పుడు తల్లి మూటగట్టి ఇచ్చిన చిన్న ఎర్ర మసూరు. ఆమె పుట్టినూరు ఇప్పుడు ఆనకట్ట నీళ్ళ కింద ఉంది. ఎంత కరువు ఏడాదైనా ఆ గింజ ఆమెను ఉత్తచేతులతో పంపలేదు.

ఆమె ఒప్పుకున్న ఏడు ఆమె చేనే ముందు విత్తుతానని బోజాన్ మాటిచ్చాడు. విత్తే రోజు పొద్దున్నే పడమట మబ్బు లేచింది. నేల తడిస్తే గొర్రు సాగదు. ముందు తన చేనే విత్తుకున్నాడు, తీరుబడిగా, దిగి దిగి లోతు చూసుకుంటూ. బెస్నా చేనుకి వచ్చేసరికి పొద్దు వాలింది. రాళ్ళకి గొర్రు పళ్ళు తగులుతుంటే విసుగొచ్చి వాటిని పైకెత్తి కట్టాడు. ట్రాక్టరు ఉరికించాడు. మలుపు దగ్గర వెనక్కి చూస్తే గింజ మట్టిపైనే మెరుస్తూ కనిపించింది. దిగలేదు. విత్తాక బండ దొర్లించి నేల అదమాలి, అదీ చెయ్యలేదు. నాలుగు చినుకులు రాలేసరికి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ చినుకులకి గింజ మొలిచింది. తర్వాత వారాల తరబడి పొడిగాలి వీచింది. పైపైన వేరు పట్టిన మొలక మాడిపోయింది. వసంతానికి బోజాన్ చేను దట్టంగా నిలబడితే, బెస్నా చేను బొచ్చు ఊడిన గొర్రెలా ఉంది. మిగిలిన మొక్కలు ఆసరా లేక నేల మీద పడ్డాయి. మధ్యలో కలుపు.

బెస్నా బోజాన్‌ని గట్టు మీదికి పిలిచి రెండు చేలూ చూపించింది. "అదే గొర్రు, అదే మనిషి. నీ చేను చూడు, నా చేను చూడు. తప్పు విత్తనానిదే, బోజానూ. కోడలు విత్తనాల కుండకి మూత సరిగ్గా పెట్టలేదు. చెమ్మ తగిలి చచ్చింది."

"అయ్యుండొచ్చు వదినా," అన్నాడు బోజాన్.

ఆ మాట నోరు దాటగానే వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు.

మంచు ఆరకముందే కాయ రాలకుండా మసూరు పీకాలి. తెల్లారుజామున పీకడానికి వచ్చిన ఆడవాళ్ళు, "ఏం పిల్లా ఖునాఫ్, ఈ మొక్కకీ ఆ మొక్కకీ మధ్య పక్కేసుకుని పడుకోవచ్చే. కుండ మూత మరిచావంట, తల మీద గుడ్డైనా గుర్తుందా?" అని ఆటపట్టించారు. ఖునాఫ్ తల వంచుకుని పీకుతూనే ఉంది. పక్క చేనులో ఉన్న బోజాన్‌కి ఒక్కో మాటా వినబడింది. ఆ వేసవి అడగకుండానే బెస్నాకి దుక్కి దున్నిపెట్టాడు, గడ్డి మోసిపెట్టాడు. "కన్నకొడుకు కూడా ఇంత చెయ్యడు," అని ఆమె అందరి దగ్గరా చెప్పేది.

మళ్ళీ విత్తే కాలం వచ్చింది. ఎప్పుడు రమ్మంటారో అడగడానికి వెళ్తే బెస్నా కూర్చోబెట్టింది. ఖునాఫ్ వేడివేడి మసూరు చారు తెచ్చి, మీద వెన్నలో వేగిన ఎండుమిరప పోసింది. రొట్టె ముంచి రెండు ముద్దలు తిన్నాడు.

"తిను, కడుపునిండా తిను. అమ్మ ఇచ్చిన విత్తనంలో మిగిలిందంతా ఈ చారులోనే ఉంది," అంది బెస్నా. "పనికిరాని దాన్ని దాచి ఏం చేస్తాను? సంతలో లావు గింజ తెచ్చాను, ఈసారి అదే విత్తుదాం."

బోజాన్ రొట్టె కింద పెట్టాడు. "వదినా, విత్తనం మంచిదే. నేనే పైపైన పోశాను. వాన వస్తుందని తొందరపడి పళ్ళు ఎత్తేశాను. మూతదేం తప్పు లేదు."

బెస్నా అతని వంకే చూసింది. "ఏడాది పాటు నా ఎదురుగా తిరిగావు కదయ్యా."

"తిరిగాను."

"ఈ పిల్లని నేనన్న మాటలు వింటూనే ఉన్నావు."

ఖునాఫ్ వచ్చి అతని ముందున్న గిన్నె తీసేసింది. "మామా, చల్లారిపోయింది," అని మాత్రం అంది. మళ్ళీ వేడిచేసి తేలేదు.

వారానికి తొలివాన పడింది. బోజాన్ బెస్నా చేనుకి వెళ్ళి రాళ్ళ సందులు వెతికాడు. కోతలో రాలిన గింజలు అక్కడక్కడా మొలిచి ఉన్నాయి, సాలూ వరసా లేకుండా. పరుగున వెళ్ళి చెప్పాడు. "ఆ నేల చెక్క దున్నొద్దు వదినా. నేను కాస్తాను." ఆమె దాన్ని దున్నకుండా వదిలేసింది. గొర్రెలు పడకుండా ముళ్ళకంప కట్టాడు. చలికాలమంతా మోకాళ్ళ మీద కూర్చుని కలుపు పీకాడు. ఊళ్ళో ఎవరు అడిగినా, "నేను చెడగొట్టిన చేను," అని చెప్పేవాడు. కొందరు మరుసటి ఏడు గొర్రు వేరే ఊరినుంచి పిలిపించుకున్నారు. అందుకు అతను బాధపడలేదు.

వేసవికి జల్లెడ నిండా గింజ వచ్చింది. చిన్నది, ఎర్రది. బెస్నా దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, కొంగులో పోసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ శరత్తులో ఆ కాస్త గింజనీ విత్తడానికి అతన్నే పిలిచారు. ఖునాఫ్ గొర్రు వెనకే నడిచింది. నాలుగడుగులకోసారి వంగి సాల్లో వేళ్ళు గుచ్చింది.

"ఆపు మామా. లోతు చాల్లేదు."

అతను దిగి, పళ్ళు దించి కట్టి, సరిపోయిందా అని ఆమెకేసి చూశాడు. ఆమె మళ్ళీ వేళ్ళు గుచ్చి చూసి, పొమ్మని చెయ్యి ఊపింది.