బాపు నాడికి మార్కులు

సెలవులకు మా ఊరు మందమర్రి వచ్చాను. పదిమంది నాడి లెక్కపెట్టి రికార్డు బుక్కులో రాసుకు రమ్మని నర్సింగు కాలేజీలో మా మేడమ్ చెప్పింది. ఈ రోజు పొద్దున్నే ఆ సంగతి బొగ్గుబాయి క్వార్టర్ల లైనంతా తెలిసిపోయింది. పక్కింటి పెద్దవ్వయితే ఫోటో దిగడానికి వచ్చినట్టు తలకు నూనె రాసుకొని, కొత్త చీర కట్టుకొని వచ్చింది.

సాయంత్రానికి తొమ్మిదిమంది అయ్యారు. పదో పేరు మా బాపుది. షిఫ్టు దిగి రాగానే చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

"ఇప్పుడు వద్దు బిడ్డా. గుండె ఉరుకుతుంది. గా లెక్క రాస్తే నీకు మార్కులు తక్కువేస్తరు."

"మార్కులు నాకేస్తరు బాపూ, నీ గుండెకు కాదు" అన్నా వినలేదు. స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కొని, అరగంట మంచం మీద కదలకుండా కూర్చున్నాక చెయ్యి చాపాడు. నేను లెక్కపెడుతున్నంతసేపూ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా దగ్గు ఆపుకున్నాడు.

"అయిందా? పాసైననా?"

పాసయ్యావన్నాను. నిజానికి ఆ గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని నలుపు చూస్తూ లెక్క మరిచిపోయాను. ఇంకోసారి చూస్తానని మళ్ళీ చెయ్యి పట్టుకున్నాను. ఈసారి దగ్గొస్తే దగ్గమన్నాను.

ఈ కాగితం హాస్టల్ గోడపత్రికలో అంటిస్తాను. మీ పరీక్షకు మీకంటే ఎక్కువ భయపడేవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటే కింద రాయండి. చదివి వినిపిస్తే మా బాపు కాస్త ఊపిరి పీల్చుకుంటాడు.