వైట్‌నర్ వాసన

2003 వర్షాకాలంలో నన్ను రాజోలు దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. ఉన్న డాక్టరును నేనొక్కదాన్నే. పొద్దున ఓపీ, మధ్యాహ్నం టీకాలు, ఆ తర్వాత జిల్లాకు పంపాల్సిన రిపోర్టులు. అప్పటికే సర్వీసులో సగం గడిచిపోయింది. జ్వరాలు, విరేచనాలు చూసి చూసి విసుగు పుట్టే దశ.

దుర్గ అనే పదో తరగతి పిల్లను వాళ్ల నాన్న సూర్రావు తీసుకొచ్చాడు. అతను అంబాజీపేటలో లారీలకు కొబ్బరికాయలు ఎత్తే కూలీ. తల్లి ఇంటిపనికని కువైట్ వెళ్లింది.

"మూర్ఛండి. తూలిపోతా ఇంటికొస్తంది. మాత్రలు వాడుతున్నా తగ్గట్లేదండి" అన్నాడు.

నాకు మూర్ఛలా అనిపించలేదు. ముక్కు చుట్టూ, పెదాల పక్కన చిన్న పుళ్లు, ఎర్రటి కళ్లు. స్టెతస్కోపు పెట్టడానికి వంగితే ఊపిరిలో పెయింటు వాసన. ఓణీ అంచున తెల్లటి మరకలు. తండ్రిని బయట కూర్చోమన్నాను. రాత తప్పులు దిద్దే వైట్‌నర్‌తో పాటు, దాన్ని పలచన చేసే ద్రవం చిన్న సీసాలో వచ్చేది. ఆ ద్రవాన్ని గుడ్డ మీద పోసి పీలుస్తున్నానని పిల్ల చాలాసేపటికి చెప్పింది.

ఎందుకని అడిగాను.

"అమ్మ ఫోన్ చేసినప్పుడు బానే ఉన్నానని చెప్పాలి కదండి. ఇది పీలిస్తే చెప్పగలను."

సంగతి తెలియగానే సూర్రావు చెయ్యెత్తాడు. అడ్డం నిలబడ్డాను. ఆ ఆవిరి ఒంట్లో ఉన్నప్పుడు పిల్ల బెదిరినా, పరుగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చని చెప్పాను.

"అయితే చూస్తా ఊరుకోమంటారాండి?"

గుడ్డ మెల్లగా తీసుకుని, గాలి తగిలే చోట కూర్చోబెట్టి, మత్తు దిగేదాకా పక్కనే ఉండమన్నాను. తిట్టేదుంటే మర్నాడు తిట్టమన్నాను. "ఆయ్" అన్నాడు, నమ్మినట్టు లేదు. కాకినాడలో మానసిక వైద్య విభాగానికి రాసి పంపాను.

కొన్నాళ్లకు ఒక్కడే వచ్చాడు. కొబ్బరి డొక్కల పోగు వెనక పిల్ల మళ్లీ గుడ్డతో దొరికిందట.

"అరుపు గొంతు దాకా వచ్చిందండి, మింగేసేను. గుడ్డ తీసుకుని పక్కన కూచున్నాను. నా మీదే వాంతి చేసుకుంది. తర్వాత ఏడిసింది. నేనూ ఏడిసేనండి."

ఆ వారమే ఫోన్లో తల్లికి నిజం చెప్పారు. ఆమె వెంటనే రాలేకపోయింది, కానీ ఆ తర్వాత కూతురు బానే ఉన్నానని చెప్పాల్సిన అవసరం లేకపోయింది. దుర్గ ఒక్కసారిగా మానలేదు. కాకినాడ ఆసుపత్రికి తిరిగారు, మధ్యలో మళ్లీ జారింది, మళ్లీ తిరిగారు. పదో తరగతి తప్పి మరుసటేడు గట్టెక్కింది. నాకు బదిలీ అయ్యేనాటికి పీల్చడం మానేసింది గానీ చదివింది గుర్తుండడం లేదని చెప్పేది. అందుకు నా దగ్గర మందు లేదు.

ఆ తర్వాత ఏ ఊళ్లో పనిచేసినా, కారణం తెలియకుండా తూలే పిల్లల్ని ముందు వాసన చూసేదాన్ని. ఆ వాసన పట్టడం ఎవరికైనా నేర్పవచ్చు. పట్టుకున్నాక అరవకుండా పక్కన కూర్చోవడం పెద్దవాళ్లకు నేర్పడానికే నా ఓపిక ఎక్కువ ఖర్చయింది. అందరూ సూర్రావులా వినలేదు.