రెండు ఉత్తరాలే పెట్టమన్నారు

మద్రాసులో ఒక పెద్ద స్త్రీల ఆసుపత్రికి రెసిడెంట్ డాక్టర్లు కావాలని పేపర్లో ప్రకటన చూసేనాటికి నేను ముత్తుకూరుకు అవతల, సముద్రం వైపు పల్లెల కోసం ఎవరో దాతలు కట్టించిన చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. అరవైల దశకం మధ్యనాటి మాట. హౌస్ సర్జన్సీ అయిపోయింది. కాన్పుల వైద్యంలో పైకి వెళ్లాలంటే ముందు అలాంటి చోట ఉండి పని నేర్చుకోవాలి. దరఖాస్తుతో పాటు నన్ను ఎరిగినవాళ్లు రాసిన సిఫార్సు ఉత్తరాలు రెండు జత చేయమన్నారు. మూడోది పెడితే దరఖాస్తే చూడబోమని కింద చిన్న అక్షరాల్లో వేశారు.

నా దగ్గర మూడు చేరాయి.

ఒకటి మా కాలేజీ సర్జరీ ప్రొఫెసరు గారిది. ఆయన సంతకానికి మద్రాసులో కూడా విలువ ఉండేది. ఆయన వార్డులో మూడు నెలలు పనిచేశాను గానీ ఆయన ఒక్కసారైనా నా ముఖంలోకి చూసిన గుర్తు లేదు. అడుగుతూ జాబు రాస్తే వారం తిరిగేసరికి టైపు చేసిన కాగితం వచ్చింది. తెలివి, వినయం, ఓర్పు, అన్నీ నాకు ఉన్నాయని రాశారు. రెండో పేరాలో మాత్రం నేను మగవాణ్ణి అయిపోయాను. ఎవరికో ఇచ్చిన ఉత్తరంలో పేరు మార్చి టైపు చేయించినట్టున్నారు. ఒకచోట దిద్దడం మరిచారు.

రెండోది మా నాయన తెచ్చాడు. మా తాలూకాలో ఎన్నికల్లో గెలిచిన ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్లి, మూడు రోజులు ఆయన వసారాలో కూర్చుని సంపాదించాడు. వరి కోతల రోజులవి. ఆ మూడు రోజులూ పొలం వదిలేసి వెళ్లాడు. ఉత్తరం నలగకుండా రెండు అట్టల మధ్య పెట్టి, కండువాలో చుట్టి తెచ్చి నా చేతికిచ్చాడు. అందులో మా కుటుంబం మంచిదని ఉంది. నా గురించి ఒక వాక్యం.

మూడోది మా ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ గారు స్వదస్తూరీతో రాసింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. మాట తక్కువ. కవరు అంటించకుండానే ఇచ్చి, “చదువుకొని పెట్టుకో” అని వార్డులోకి వెళ్లిపోయారు.

మందుల గదిలో నిలబడి చదివాను. మొదటి అర పేజీ నేను ఎన్నడూ ఆమె నోట వినని మాటలు. చెయ్యి నెమ్మది అనీ, రోగి పక్కన ఎంతసేపైనా కూర్చుంటుందనీ రాశారు. ఆ తరవాత ఇలా ఉంది: ‘ఈమె ఒకసారి రోగిని తప్పుగా అంచనా వేసి ఇంటికి పంపితే బిడ్డ చనిపోయింది, ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరికీ తెలియకపోయినా తానే కేసు షీటులో రాసింది.’

ఉత్తరం మడిచి మళ్లీ కవరులో పెట్టేశాను.

అంతకు ఆరు నెలల ముందు జరిగిందది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల కుప్పం నుంచి ఎనిమిదో నెల గర్భిణి ఒకామె వచ్చింది. కాస్త రక్తం కనబడిందన్నది. నొప్పి లేదు. నడిచి వచ్చింది, నవ్వుతూ మాట్లాడింది. విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపేశాను. గర్భసంచిలో మాయ కిందికి ఉంటే ప్రమాదం అలాగే మొదలవుతుందని పుస్తకంలో చదివినదాన్నే, పరీక్షలో రాసినదాన్నే. మూడో రోజు మధ్యాహ్నం ఎద్దుల బండి మీద గడ్డి పరిచి ఆమెను తెచ్చారు. ఆ గడ్డి తడిసి ఎర్రగా ఉంది. డాక్టరమ్మ గారు ఆపరేషను చేసి తల్లిని బతికించారు. ఆడబిడ్డ దక్కలేదు. నేనిచ్చిన ఓ.పి. చీటీ వాళ్ల దగ్గర లేదు, ఎక్కడో పడిపోయింది. కేసు షీటు రాయడానికి కూర్చున్నప్పుడు ఆ సంగతి నాకు తెలుసు. అయినా, ముందు చూసి ఇంటికి పంపేసింది నేనేనని చెయ్యి ఆగకుండా రాసేసింది. ఎందుకు రాశానో ఆలోచించే స్థితిలో లేను.

ఇప్పుడు ఆ మాటలే నా దరఖాస్తుకు ఎదురొచ్చాయి. రౌండ్సు ముగిసేదాకా ఆగి ఆమె గదికి వెళ్లాను. ఆ ఒక్క వాక్యం తీసేసి ఇంకో కాగితం మీద రాసివ్వమని అడిగాను.

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “అది తీసేస్తే నిన్ను గురించి నాకు తెలిసినదాంట్లో సగం పోతాది. ఫలానా నాటి నుంచి ఫలానా నాటి దాకా ఇక్కడ పనిచేసిందని నాలుగు ముక్కలు రాసిస్తాను. అది కావాలా?”

కావాలన్నాను. అక్కడికక్కడే రాసి సంతకం చేశారు, మొదటిది తిరిగి అడగలేదు. ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

గడువు దాటకుండా చేరాలంటే ఆ రోజే రిజిస్టరు చేయాలి. ముత్తుకూరు పోస్టాఫీసులో మూడు గంటలకు సంచి కట్టి నెల్లూరు బస్సుకెక్కిస్తారు. నాయన నాకంటే ముందే వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను లోపల బల్ల మీద నాలుగు కాగితాలూ పరిచాను. పోస్టుమాస్టరు లక్క కరిగిస్తూ గడియారం వైపు చూస్తున్నాడు. ప్రొఫెసరు గారిది కవరులో పెట్టాను. రెండోదిగా పెద్దమనిషిది తీసి మడిచాను. మళ్లీ బయటికి లాగాను. ఈ రెండూ పంపితే ఆ కవరులో నేనెక్కడా ఉండను అనిపించింది. ఉట్టి నాలుగు ముక్కల కాగితం పట్టుకుంటే, నేను కేసు షీటులో రాసినదాన్ని నా చేత్తోనే కొట్టేస్తున్నట్టు అనిపించింది. పోస్టుమాస్టరు “అమ్మా, సంచి కట్టేస్తా ఉండాను” అన్నాడు. డాక్టరమ్మ గారి మొదటి ఉత్తరం లోపల పెట్టి, మనసు మారేలోపు అంటించేశాను.

బయటికి రాగానే నాయన, “ఆయనది పెట్టినావా?” అని అడిగాడు.

“లేదు నాయనా.”

చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. “మూడు రోజులు కూర్చున్నానే, ఆ వసారాలో” అన్నాడు. కండువా దులిపి భుజాన వేసుకుని బస్సు వైపు నడిచాడు.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. రైలు సూళ్లూరుపేట దాటిన దగ్గర్నుంచి నాకు ఒకటే ఆలోచన, ఆ వాక్యం వాళ్లు చదివి ఉంటారా అని. గదిలో ముగ్గురు ఉన్నారు, ఇద్దరు మగవాళ్లు, ఆ ఆసుపత్రిలోనే డాక్టరుగా చేసే పెద్దావిడ ఒకరు. మధ్యలో కూర్చున్న ఛైర్మన్ ముందు ప్రొఫెసరు గారి ఉత్తరం తీసి, రెండో పేరాలో ఉన్న అబ్బాయి ఎవరని అడిగారు. పక్కాయన నవ్వారు. ఆ కాగితం పక్కన పడేసి రెండోది తీశారు. ఆ వాక్యాన్ని పైకి చదివారు, నిదానంగా.

ఆ కేసేమిటో చెప్పమన్నారు, చెప్పాను. నొప్పి లేకుండా రక్తం కనబడితే ఏమని అనుమానించాలో తెలియదా అని అడిగారు. తెలుసన్నాను. ఆ రోజు ఓ.పి.లో జనం ఎక్కువని మొదలుపెట్టి ఆపేశాను. ఆమె నవ్వుతూ మాట్లాడింది కాబట్టి ఏమీ లేదనుకున్నానని చెప్పాను.

అంతవరకూ మాట్లాడని పెద్దావిడ అడిగారు. “తల్లికి చెప్పావా, నీ వల్లేనని?”

“చెప్పానండి.”

“ఏమన్నది?”

“గోడ వైపు తిరిగి పడుకుందండి. కుట్లు విప్పే రోజున నన్ను తన మంచం దగ్గరికి రానివ్వద్దని నర్సుతో చెప్పింది.”

ఛైర్మన్ కాగితాలు సర్దుకుని ఇక వెళ్లవచ్చన్నారు.

జాబితా వచ్చింది. అందులో నా పేరు లేదు. నాయన ఆ వారమంతా అన్నం దగ్గర తల ఎత్తి నా వైపు చూడలేదు. నెల దాటాక ఒక కార్డు వచ్చింది. ఎంపికైన ఒకరు చేరలేదట, వెంటనే వచ్చి చేరమన్నారు. కార్డు చూపిస్తే డాక్టరమ్మ గారు ఎప్పుడు బయల్దేరుతున్నావని అడిగి, నా కింద ఉన్న మంచాలు ఎవరికి అప్పజెప్పాలో చూసుకోమన్నారు.

మద్రాసులో రెండో నెలలో, వార్డులో చేతులు కడుక్కుంటూ ఆ పెద్దావిడే చెప్పారు. ఛైర్మన్ నా పేరు కొట్టేశారట. ఈమె పట్టుబట్టి వెయిటింగు లిస్టు చివర రాయించారట. ఎవరో రాకపోబట్టి వచ్చావు, అంతే అన్నారు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా విన్నవాళ్లు నన్ను నిజాయితీపరురాలంటారు. నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఆ రోజు డాక్టరమ్మ గారి గదిలో నేను ఆ వాక్యం తీసేయమని అడిగాను. ఆమె సరేనని తీసేసి ఉంటే, సంతోషంగా ఆ కాగితాన్నే కవరులో పెట్టి పంపేదాన్ని.